ఎర్ర దారం కట్టిన ఇయర్‌ఫోన్

పొద్దున బస్సులో ఆ వదినా ఆడపడుచులకు ఒక పద్ధతి ఉంది. వదిన కిటికీ పక్కన కూర్చుంటుంది, ఆడపడుచు ఆమె పక్కన. టిఫిన్ బాక్సులు ఒళ్లో సర్దుకున్నాక వదిన తన హ్యాండ్‌బ్యాగులోంచి ఇయర్‌ఫోన్స్ తీసి, ఓపిగ్గా చిక్కు విడదీసి, ఎర్ర దారం కట్టిన కొస తన చెవిలో పెట్టుకుంటుంది. దారం లేనిది ఆడపడుచుకు ఇస్తుంది. ఆడపడుచు ఫోనులో పాడ్‌కాస్ట్ పెడుతుంది. ఇక కంపెనీ స్టాపు వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోరు.

ఇద్దరిదీ కళ్లద్దాల కంపెనీలోనే ఉద్యోగం. వదిన ప్యాకింగ్‌లో ఉంటుంది. ఆడపడుచు పని ప్రతి అద్దాన్నీ దీపానికి ఎదురుగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, గీత ఎక్కడుందో కనిపెట్టడం. ఏళ్ల తరబడి అదే పని చేస్తే మనుషుల్ని కూడా అలాగే చూడటం అలవాటవుతుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని కంపెనీలో ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఆ పేరు బస్సెక్కి ఇంటికి కూడా వచ్చేసింది. ఆమెకేమీ కోపం లేదు. కాకపోతే ముందు ఎవరు పెట్టారన్న విషయంలో మాత్రం ముగ్గురి మీద అనుమానం ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి ఇంకో పని చేస్తారు. గుడ్డతో కళ్లజోడు సంచులు. భూతద్దం కత్తిరిస్తుంది, వదిన కుడుతుంది. కంపెనీలో వాళ్లూ వీళ్లూ కొనడంతో మొదలై, కంటి డాక్టరు దగ్గర కౌంటరు మీద పెట్టేదాకా వచ్చింది. అప్పటినుంచి భూతద్దానికి పాడ్‌కాస్టుల పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం చేస్తూ పక్కన సొంత వ్యాపారం నడిపే ఆడవాళ్ల కోసం ఎన్ని ఉన్నాయో అన్నీ వింది. ధరలు పెట్టడం మీద అక్కాచెల్లెళ్లిద్దరు పోట్లాడుకునేది ఒకటి బాగానే ఉంటుంది. రిటైరైన బ్యాంకు మేనేజరమ్మది కాస్త నిద్రొస్తుంది. అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ‘సాయంత్రం షాపు’. అది నడిపే ఆవిడను వినేవాళ్లంతా అక్క అంటారు. ఆ గొంతు వింటే మంచం పట్టినవాళ్లు కూడా లేచి కొట్టు పెట్టేస్తారని భూతద్దం నమ్మకం.

ఆ ఇయర్‌ఫోన్స్‌లో రెండు కొసలూ ఒకే మాట చెప్పవు. దారం లేని కొస మనిషి పైకి చెప్పింది చెప్తుంది, ఎర్ర దారం కొస చెప్పనిది చెప్తుంది. ఇది ఇంట్లో, బస్సులో అందరికీ తెలిసిందే.

“కొన్ని జతలు అంతే. చెప్పుల్లో ఒకటే కరుస్తుంది, రెండోదానికి ఆ బుద్ధి ఉండదు,” అంది అమ్మ, వదినకు అత్తగారు.

“మా ఆవిడవీ అంతేనండి. నేను మాత్రం దారం లేనిదే పెట్టుకుంటాను, సంసారం బావుంటుంది,” అన్నాడు బస్సు కండక్టరు.

ఒకరి చెవిది ఇంకొకరు పెట్టుకోవడం ఆ ఇంట్లో ఒకరి బీరువా ఇంకొకరు తెరవడంతో సమానం. వదినకు ఒకసారి చెవిలో చీము పట్టినప్పుడు అమ్మ పెట్టిన నియమం అది. ఇయర్‌ఫోన్స్ వదినవి, ఉండేది వదిన బ్యాగులో. కాబట్టి ఎర్ర దారం కొసలో ఏం వస్తుందో వదినకు తప్ప ఎవరికీ తెలియదు. మిగతావాళ్లకు తెలుసుకోవాలని కూడా లేదు. భూతద్దానికి మాత్రం అదొక్కటే ధ్యాస అయిపోయింది.

ఎందుకు కాదు మరి. అక్క గొంతు గంట కొట్టినట్టు “భయాన్ని గుమ్మం బయటే వదిలెయ్యండి” అంటున్నప్పుడు వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. అక్క నష్టాల గురించి చెప్తుంటే వదిన తనలో తను నవ్వుకుంటుంది.

“వదినా, నీదాంట్లో ఏమొస్తోంది?” అని ఒకరోజు అడిగేసింది.

“ఏముంటుందే, ఇంటి చప్పుళ్లు.”

“ఎవరింటివి?”

“ఆవిడింటివే.”

“మరి ఏడుపెందుకు?”

“కంట్లో దుమ్ము పడింది. కిటికీ పక్కన కూర్చున్నది నేను కదా.”

ఆ రోజు కిటికీ అద్దం మూసే ఉంది. భూతద్దం ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

ఇంతలో మార్కెట్ బిల్డింగులో మెట్ల కింద చిన్న గది ఖాళీ అయింది. పైన కంటి ఆసుపత్రి. మెట్లు దిగే ప్రతి మనిషి చేతిలో కొత్త కళ్లజోడు ఉంటుంది. అంతకన్నా మంచి చోటు కావాలంటే దేవుడు దిగి రావాలి. కానీ పగలంతా అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి, అంటే ఒకరు ఉద్యోగం మానాలి. తనే మానాలని భూతద్దం నిర్ణయించుకుంది. ప్రతి మంగళవారం అక్క చెవిలో పోసిన ధైర్యమంతా అందుకే కదా. అక్క కూడా ఉద్యోగం వదిలేసి ఏడాదైందని, వదిలాకే గాలి పీల్చుకున్నానని ఎన్నిసార్లు చెప్పలేదు.

వదినకు చెప్తే, “ఇప్పుడే తొందరెందుకే. కొన్నాళ్లు చూద్దాం,” అంది.

“ఏం చూడాలి?”

“నీ మనసు కుదురుకోనీ.”

“నా మనసుకేం, నిక్షేపంగా ఉంది.”

వదిన కుట్టుమిషన్ వైపు తిరిగింది. భూతద్దానికి అక్కడే తేడా కొట్టింది. వద్దనడానికి కారణం చెప్పని మనిషి దగ్గర చెప్పకూడని కారణమేదో ఉంటుంది. అన్నయ్య గడ్డం గీసుకుంటుంటే వెళ్లి పట్టుకుంది.

“అన్నయ్యా, వదిన నీకేమైనా చెప్పిందా?”

“ఉప్పు అయిపోయిందని చెప్పింది.”

“అది కాదు. గది సంగతి.”

“మీ ఇద్దరి మధ్యకు నన్ను లాగకు తల్లీ. నేను ఉప్పు తెస్తాను, అంతవరకే.”

ఆ వారమే ఆమె కళ్లారా చూసింది. దారాలు కొనడానికి మార్కెట్‌కి వెళ్తే, మెట్ల దగ్గర వదిన బిల్డింగు యజమానితో మాట్లాడుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. వదిన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, చుట్టూ చూసి, గబగబా వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. భూతద్దానికి అన్నీ ఒక్కసారిగా అతుక్కున్నాయి. ఎర్ర దారం కొసలో అసలు వ్యాపార రహస్యాలన్నీ వస్తున్నాయి. తనకేమో అందరికీ చెప్పే ఊకదంపుడు. గది తను ఒక్కతే తీసుకోవాలనే వదిన తనను ఆపుతోంది. సొంత అన్న భార్య, ఒకే బస్సు సీటు, పక్కనే కూర్చుని ఇంత పని.

గది కావాలో వద్దో శుక్రవారానికల్లా చెప్పాలి. ఆ మంగళవారం పొద్దున వదిన స్నానానికి వెళ్లినప్పుడు భూతద్దం వదిన బ్యాగు తెరిచింది. ఎర్ర దారం విప్పి రెండో కొసకు కట్టి, చుట్ట చుట్టి ఎలా ఉన్నది అలా పెట్టేసింది. తన బ్యాగులో రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది.

బస్సులో వదిన ఎప్పటిలాగే చిక్కు విడదీసింది. దారం దగ్గర వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత దారం కట్టినదాన్ని చెవిలో పెట్టుకుని, రెండోది ఇచ్చింది.

భూతద్దం చెవిలో ముందు నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది. బకెట్టు నిండి పొర్లుతోంది. ఒక పిల్ల “అమ్మా, రెండో సాక్సు ఏదీ” అంటోంది. ఎవరో మగమనిషి “ఇంకా కాలేదా నీ రికార్డింగు” అని విసుక్కుంటున్నాడు. ఆ తర్వాత అక్క గొంతే, కానీ గంటలా లేదు, నీళ్లలో నానిన గుడ్డలా ఉంది.

“వచ్చేస్తున్నాను సార్. ఇవాళ ఆలస్యం కాదు సార్. నిన్నటి పని కూడా పూర్తి చేసేస్తాను సార్.”

ఇంకా సన్నగా, “ఉద్యోగం మానేశానని అందరికీ చెప్పేశాను. ఎవరైనా మా ఆఫీసుకొచ్చి నన్ను చూస్తే ఏం గతి” అని వినిపించింది.

భూతద్దం ఇన్నాళ్లూ తాగిన ధైర్యమంతా కాళ్లలోంచి కారిపోయింది. రహస్యాలు లేవు, కిటుకులు లేవు. రెండు పనుల మధ్య నలిగిపోతున్న ఇంకో ఆడమనిషి ఉంది, అంతే. పక్కకు తిరిగి చూసింది. వదిన నిటారుగా కూర్చుని, నోరు కొద్దిగా తెరిచి, మొదటిసారి సముద్రం చూస్తున్న మనిషిలా వింటోంది.

కంపెనీ గేటు దగ్గర భూతద్దం ఉండబట్టలేకపోయింది.

“వదినా, ఆవిడ ఉద్యోగం మానలేదు. అంతా అబద్ధం.”

“తెలుసు. మొదటినుంచీ అదే వింటున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నీ ధైర్యం పోదూ? ఆవిడ మాట విన్న రోజు నీ మొహం ఎంత బావుంటుందో నీకేం తెలుసు.” వదిన ఇయర్‌ఫోన్స్ అరచేతిలో పెట్టుకుని దారం విప్పింది. “ఇది నీ ముడి. నేను ఎడమచేత్తో వేస్తాను, ప్యాకింగ్‌లో అందరికీ తెలుసు.”

భూతద్దం తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

“ముడి చూసి కూడా పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నాను. ఆవిడ పైకి ఏం మాట్లాడుతుందో నాకూ వినాలనిపించదా? అంత చాకిరీ చేస్తూ, అంత భయపడుతూ, గొంతు మాత్రం అలా పెట్టిందంటే...” వదిన మాట ఆపి గేటు లోపలికి చూసింది. “నేను మానేస్తానే. గదిలో నేను కూర్చుంటాను. ఆ బిల్డింగు యజమానిని అప్పుడే అడిగి ఉంచాను, నీ మనసు కుదురుకునేదాకా ఎవరికీ ఇవ్వొద్దని. నీకు ఇంకా మానాలనుంటే ఇప్పుడే చెప్పు, ఆ చోటు నీదే.”

భూతద్దం బ్యాగులోని కాగితం మీద చెయ్యి పెట్టి, తీయకుండా వదిలేసింది. వదిన దారాన్ని మళ్లీ పాత కొసకే కట్టి, ఆ జతను ఆడపడుచు చేతిలో పెట్టి మూసింది.

“ఇక బస్సెక్కేది నువ్వే కదా, ఉంచుకో,” అని సూపర్‌వైజరు గదివైపు వెళ్లింది.

మెట్ల కింద గది తెరుచుకుంది. ఇంట్లో వంట వంతులు మారాయి, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో అన్నయ్యకు తెలిసింది. భూతద్దం కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. ఇయర్‌ఫోన్స్ మాత్రం బ్యాగులోంచి తీయలేదు. సాయంత్రాలు గదికి వెళ్లి గుడ్డ కత్తిరిస్తుంది. ఎలా ఉందని అడిగితే వదిన “బ్రహ్మాండంగా ఉంది” అంటుంది. ఎప్పుడడిగినా అదే మాట, అదే నవ్వు. అంత నున్నగా ఉన్న నవ్వులో గీత లేకుండా ఉండదని భూతద్దానికి అనుమానం. కానీ బ్యాగు తెరిచిన చేతులతో ఇంకో మాట అడిగే మొహం లేదు. వదినను మోసగత్తె అనుకున్నానన్న సిగ్గు ఆమెను లోపల తినేస్తోంది.

ఒక మంగళవారం పొద్దున బస్సులో ఉండగా, ‘సాయంత్రం షాపు’లో కొత్త అతిథి అని ఫోను మోగింది. పేరు చూస్తే వదిన. తనకు ముక్క కూడా చెప్పలేదు. భూతద్దం చిక్కు విడదీసి, మొదటిసారి రెండు కొసలూ రెండు చెవుల్లో పెట్టుకుంది.

ఒక చెవిలో అక్క గంటలా అడిగింది. “వ్యాపారంలోకి దిగేముందు భయం వేయలేదా?”

“లేదండీ. దిగాక ఇంక భయమెందుకు? మా ఆడపడుచు నాకు మొదటినుంచీ ధైర్యం,” అంది వదిన.

ఇంకో చెవిలో, ‘ఈవిడ నిజంగానే మానేసింది’ అన్న అక్క నిట్టూర్పు. దాని వెనకే వదిన గొంతు, ఇంట్లో మాట్లాడే గొంతు.

‘షట్టరు ఎత్తే ప్రతిసారీ కాళ్లు వణుకుతాయే. వచ్చినవాళ్లంతా బావుందంటారు, కొంటారు, పోతారు. నీలా తిప్పి తిప్పి చూసి ఇదిగో ఇక్కడ తప్పు అనేవాళ్లు లేరు. పొద్దున నువ్వు లేకపోతే సంచులు వంకర పోతున్నాయి, నేనూ పోతున్నాను. పైకి అడగలేను. నా నోటితో నీ ఉద్యోగం మానిపించినట్టవుతుంది. వింటున్నావని తెలుసు. రావాలనిపిస్తే రా.’

భూతద్దం వెనక్కి జరిపి మళ్లీ వింది. అటు తిప్పి ఇటు తిప్పి, దీపానికి ఎదురుగా పట్టినట్టు ఒక్కో మాటా పట్టి చూసింది. గీత కోసం వెతికింది. ఎంత వెతికినా కనబడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు కూడా కిటికీ అద్దం మూసే ఉంది.

“కంపెనీ స్టాపండీ, దిగాలి దిగాలి,” అని కండక్టరు వచ్చి ఆమె సీటు దగ్గర ఆగాడు.

“మార్కెట్‌కి ఒక టిక్కెట్టు ఇవ్వండి,” అంది భూతద్దం.

“రానూపోనూనా అమ్మా?”

ఆమె ఇయర్‌ఫోన్స్ చెవుల్లోంచి తీసి, చుట్ట చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

“వెళ్లడానికే.”