పచ్చ తలుపు దగ్గర ఒక్క నిమిషం

ముప్పై ఏళ్లనాటి కంప్యూటర్ ఆటను పాతకాలపు టీవీ గేమ్ పెట్టెలోకి ఎక్కించడానికి మూడొందల మంది అభిమానులు చందాలు వేశారు. ఆట చివర వాళ్ల పేర్లు వేస్తానని ప్రోగ్రామర్ మాటిచ్చాడు. పేరు చూసుకోవాలని ఎవరికుండదు! ఆ ఆట రాసినాయన ఎప్పుడో పోయాడు. మిగిలిన ఒకే ఒక్క ఫ్లాపీని ఆయన భార్య తెచ్చిచ్చింది.

ఫ్లాపీ కొన ఊపిరితో ఉంది. అది గరగరమంటూ ఒక్కో ఫైలునూ వదులుతుంటే ప్రోగ్రామర్ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చిన్న సౌండ్ ఫైలు దగ్గర మాత్రం మొరాయించింది. అతను ఆ ఆట వందసార్లు ఆడాడు, అలాంటి శబ్దమేదీ వినలేదు. ఎలాగూ ఆ గేమ్ పెట్టెలో దూర్చే కార్ట్రిడ్జ్‌లో చోటు చాలదు, పైగా మూడొందల పేర్లు పట్టాలి. పీడా పోయిందనుకుని దాన్ని వదిలేశాడు. మిగతావన్నీ దిగాక ఫ్లాపీ మళ్లీ తెరుచుకోలేదు.

మొదటి కార్ట్రిడ్జ్ ఆమెకే తీసుకెళ్లాడు. ఆమె ఆటలోని బొమ్మను నేరుగా పచ్చ తలుపు దాకా నడిపించి, కంట్రోలర్ ఒళ్లో పెట్టేసుకుంది.

"బటన్ నొక్కండమ్మా, తలుపు తెరుచుకుంటుంది," అన్నాడు.

"ఆగు బాబూ. ఇక్కడ ఒక్క నిమిషం కదలకుండా ఉంటే మా పాప నవ్వుతుంది. అది పోయే ముందు వారం మా ఆయన రికార్డు చేశాడు. దాని గొంతు ఇంకెక్కడా లేదు."

గోడ గడియారంలో నిమిషం గడిచింది. రెండోదీ గడిచింది.

"పాత మిషను కదా, కాస్త ఆలస్యమవుతుందేమో," అంటూ ఆమె టీవీ సౌండు ఇంకొంచెం పెంచింది.