రేడియోలో చిన్నవ్వ పేరు

బోధన్‌లో మధ్యాహ్నం పన్నెండుకు పోయిన కరెంటు మూడింటికి గానీ వచ్చేది కాదు. తొంభై నాలుగు సంగతి ఇది. గడియారం లేని ఇళ్లల్లో కరెంటు పోవడం చూసే అన్నానికి కూర్చునేవాళ్లు. ఆ కోతను రోజూ అమ్మనా బూతులు తిట్టే లక్ష్మీరాజం, ఆ ఆదివారం మాత్రం తెల్లారకముందే లేచి తలస్నానం చేసి, కరెంటు తప్పకుండా పోవాలని భీమ్‌గల్ గుట్ట మీది నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. పేరున్న నవలాకారుడికి ఇంత గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే ముందు అతని చిన్నవ్వ సంగతి చెప్పాలి.

చిన్నవ్వ పేరు గంగుబాయి. లక్ష్మీరాజం తల్లికి స్వయానా చెల్లెలు. కోటగిరిలో పుట్టి బోధన్‌కు కోడలిగా వచ్చింది. మొగుడు పోయిన నాటి నుంచి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది, ఇప్పుడు అరవై దాటాయి. వాడకట్టులో ఏడెనిమిది మంది ఆడవాళ్లు తమ తమ చాటలు పట్టుకుని ఆమె అరుగు మీదికే వస్తారు. చెట్టు నీడ ఉందనో, గాలి వస్తుందనో కాదు. గంగుబాయి కథ చెబుతుందని. తునికాకు కత్తిరించడం మొదలుపెట్టినప్పుడు ఎత్తుకుందంటే, జర్దా పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేదాకా చేయీ ఆగదు, నోరూ ఆగదు. అయితే ఒక్క షరతు. ఆనాటి వెయ్యి బీడీలు పూర్తయ్యాయంటే కథ ఎక్కడున్నా అక్కడే ఆగాలి. రాజు కత్తి ఎత్తి ఉంటే మర్నాటిదాకా ఎత్తుకునే ఉండాలి పాపం. ఎవరైనా బతిమాలితే, చేతులు ఖాళీగా ఉంటే నాకు నోట్లోంచి మాట రాదు తల్లీ అని అరచేతులు దులుపుకుని లేచిపోయేది.

లక్ష్మీరాజం షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తా. పాతికేళ్ల నుంచీ నవల రాయాలని ఒకటే తహతహ. మూడు రాశాడు, మూడూ చించాడు. చించాల్సినవే. ఒకదాంట్లో కథానాయకుడు ఊటీలో పియానో వాయిస్తాడు. రాసిన మనిషి ఊటీ చూడలేదు, పియానో అంతకన్నా చూడలేదు. చివరికి ఓసారి కామెర్లు వచ్చి, పసరు మందు కోసం చిన్నవ్వ ఇంట్లో నెల రోజులు పడుకున్నాడు. గోడకు ఇవతల మంచం, అవతల అరుగు. ఆ నెలంతా ఈరవ్వ కథ విన్నాడు. కోటగిరి కాలువ చివర ఇంత చెల్క భూమి ఉన్న ఆడది, తన వంతు నీళ్లు పైవాళ్లు మలుపుకుంటుంటే, తూము మీద మూడు పగళ్లు మూడు రాత్రులు కదలకుండా కూర్చున్న ఆడది. కామెర్లు తగ్గేసరికి నోటుబుక్కు నిండింది.

అదే 'వంతు నీళ్లు' నవల. వారపత్రికలో వచ్చింది, పుస్తకమైంది, ఉత్తరాలు వచ్చాయి. ఈరవ్వను ఎంత గొప్పగా సృష్టించారండీ అని గుంటూరు నుంచి ఒకాయన రాశాడు. సృష్టించారట! ఆ ఉత్తరాన్ని లక్ష్మీరాజం చొక్కా జేబులో పెట్టుకుని ఆర్నెల్లు తిరిగాడు, ఉతుకులో ముద్దయ్యేదాకా. పుస్తకం ముందు పేజీలో హెడ్మాస్టరుకు కృతజ్ఞతలు ఉన్నాయి, ప్రెస్సు వాళ్లకు ఉన్నాయి, బావమరిదికి కూడా ఉన్నాయి. గంగుబాయికి లేవు. పేజీలో చోటు చాలలేదన్నాడు. మా తమ్మునికి చాలింది గదా అని భార్య రాధాబాయి అంటే వినపడనట్టు పేపరు తిరగేశాడు. రాధాబాయి కూడా ఆ అరుగు మీద బీడీలు చుట్టే మనిషే.

అలాంటి మనిషిని నిజామాబాద్ రేడియో వాళ్లు పిలిచారు. కొత్త పుస్తకం గురించి రచయితతో పది నిమిషాల ముచ్చట. ఉత్తరం పట్టుకుని ఉరుకుతూ వచ్చి అరుగు ముందు నిలబడి, పుస్తకంలో వీలు కాలేదు గానీ రేడియోలో నీ పేరు చెప్తాను చిన్నవ్వా అన్నాడు. ఎవరూ అడగలేదు. తనంతట తానే అన్నాడు.

గంగుబాయి చేతిలో బీడీ ఆగింది. "నా పేరు జెప్తె నన్నెవలన్న పట్కపోరు గదా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఆ రోజు బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయి, ఆదివారం రెండు గంటలకు రేడియోలో నా పేరు వస్తుందని లెక్క రాసుకునే మున్షీకి చెప్పి వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. ఆ రోజులే ఈరవ్వ కథ రెండో భాగం నడుస్తోంది. లక్ష్మీరాజం రోజూ డ్యూటీ దిగి వచ్చి నోటుబుక్కుతో అరుగు అంచున కూర్చుంటున్నాడు. రెండొందల పేజీలు రాసేశాడు. సోమవారం నాటికి కథ పంచాయతీ దాకా వచ్చింది. ఈరవ్వ ఒంటిచేత్తో తవ్వించిన బావిని ఆమె మరిది, నేనే తవ్వించానని నీళ్ల చెంబు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాడు. పెద్దమనుషులు ఈరవ్వ వైపు తిరిగి, నువ్వేమంటావు చెప్పు అన్నారు. సరిగ్గా అక్కడ వెయ్యో బీడీ అయిపోయింది. గంగుబాయి అరచేతులు దులుపుకుంది.

మర్నాడు రికార్డింగు. లక్ష్మీరాజం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. స్టేషన్‌లో అతనికంటే ముందు ఒక లెక్చరరుగారు మాట్లాడుతున్నారు. బయటి గదిలోని స్పీకరులో అంతా వినిపిస్తోంది. ఆయన నోటి వెంట చైతన్య స్రవంతి అంటే చైతన్య స్రవంతి, అస్తిత్వ వేదన అంటే అస్తిత్వ వేదన. వింటూ వింటూ లక్ష్మీరాజం కుర్చీలో కుంచించుకుపోయాడు. బీడీలు చుట్టే ముసలమ్మ చెబితే రాసుకున్నాను అని ఈయన తర్వాత పోయి ఏ మొహంతో చెప్పడం?

మైకు ముందు కూర్చోబెట్టిన అమ్మాయి మంచిది. మీకు ప్రేరణ ఎక్కడిది అని నెమ్మదిగా అడిగింది. ప్రపంచ సాహిత్య అధ్యయనం, ఏకాంతం అన్నాడు. గోదావరి ఒడ్డున కందకుర్తి సంగమం దగ్గర ఒంటరిగా కూర్చుంటే పాత్రలు వాటంతటవే వచ్చి తనతో మాట్లాడతాయన్నాడు. అతను కందకుర్తికి పోయింది జన్మలో రెండుసార్లు, రెండూ పిండాలు పెట్టడానికే. ఆ అమ్మాయి ఇంకో దారి కూడా ఇచ్చింది. ఇంట్లో ఎవరైనా కథలు చెప్పేవారా అని అడిగింది. అప్పుడైనా నోరు తిరగొద్దూ? తిరగలేదు.

"లేదండీ. మా ఇంట్లో అందరూ నిరక్షరాస్యులు, బీడీలు చుట్టుకునేవాళ్లు. కథా సాహిత్య వాతావరణం బొత్తిగా లేదు. ఉన్నదంతా నా స్వయంకృషి" అన్నాడు. రెండో భాగం ఉగాదికి వస్తుందని కూడా ప్రకటించాడు.

బస్సులో తిరిగి వస్తుంటే జానకంపేట దాటాక అర్థమైంది, తానేం చేశాడో. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. గురువారం సెలవు పెట్టి మళ్లీ స్టేషన్‌కు పోయి, ఆ ఒక్క మాట తీసేయమని ప్రాధేయపడ్డాడు. కార్యక్రమం సిద్ధమైపోయింది, చాలా బాగా వచ్చింది, రచయితలకు ఇలాంటి అనుమానాలు మామూలేనని టీ ఇప్పించి పంపారు.

అరుగు వైపు పోవడం మానేశాడు. కానీ వాడ ఊరుకుంటుందా? గంగుబాయి ఈరవ్వ కథ ఆపేసిందట. మా కొడుకు లేకుండా ఈరవ్వ నోరు విప్పదని చెప్పి, ఆ నాలుగు రోజులూ ఏవో పిట్ట కథలతో సరిపెడుతోందట. ఆడవాళ్లు దారిలో కనపడితే చాలు, ఎప్పుడొస్తవు, నీ వల్ల మాకు అన్నం సయిస్తలేదు అని దులిపేస్తున్నారు. తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని పోయేవాడు. పని ఉందనేవాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా భోజన్న ఒకడు. పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చే షాపు అతనిది. మన వాడ మనిషి రేడియోలో మాట్లాడుతుంటే ఇంట్లో పెట్టుకుని వింటామా అని, గంగుబాయి ఇంటి ముందు స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టేశాడు. లక్ష్మీరాజం పోయి వద్దన్నాడు. భోజన్న అది అణకువ అనుకున్నాడు.

"నువ్వు గట్లనే అంటవన్నా. గియ్యాల సిగ్గువడుడు బంద్ వెట్టు. గిది వాడ ఇజ్జత్" అన్నాడు.

వాడలో ఉన్న రేడియోలన్నీ కరెంటువే, ఇక మిగిలింది కరెంటు కోత ఒక్కటే. అందుకే ఆ మొక్కు.

దేవుడు దేవుడే. పన్నెండు కొట్టగానే కరెంటు పోయింది. లక్ష్మీరాజానికి ప్రాణం లేచి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిని, ధైర్యంగా అరుగు దగ్గరికి కూడా నడిచాడు, అయ్యో కరెంటు లేదే అని నలుగురితో కలిసి బాధపడదామని. గంగుబాయి ఉతికిన చీర కట్టుకుంది. ఆదివారం కార్ఖానా లేకపోయినా అందరూ చాటలతోనే వచ్చారు. రమ్మని అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

రెండింటికి ఐదు నిమిషాలు ఉందనగా భోజన్న వచ్చాడు. చంకలో జీపు బ్యాటరీ.

పెళ్లి ఊరేగింపుల్లో కరెంటు ఎవడిస్తాడు, అంతా దీంతోనే కదా నడిచేది అంటూ తీగలు కలిపాడు. లక్ష్మీరాజం లేవబోయాడు. గంగుబాయి అతని చేయి పట్టుకుని ఉంది.

పది నిమిషాలు. వాడంతా విన్నది. కందకుర్తి సంగతి విన్నది, ఏకాంతం సంగతి విన్నది, నిరక్షరాస్యుల సంగతీ విన్నది. అతని చేయి మీద చిన్నవ్వ చేయి అట్లాగే ఉంది. తీయనైనా తీయదేం అని అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. ముచ్చట ముగిసి సన్నాయి పాట మొదలయ్యాక భోజన్న రేడియో ఆపాడు.

"అయిపోయిందా?" అని అడిగింది గంగుబాయి. అయిపోయిందన్నాడు భోజన్న.

"నా పేరచ్చిందా నాయినా? నాకు చెవులు సరిగ వినవడయి."

భోజన్న తలగోక్కున్నాడు. "మైకు నడుమల గొరగొర అన్నదవ్వా. గప్పుడే వచ్చి ఉంటది."

"మైకు మంచిగనే ఉన్నది తియ్యి" అని ఆమె చేయి తీసేసుకుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

సోమవారం లక్ష్మీరాజం నోటుబుక్కు పట్టుకుని పోయాడు. సిగ్గు లేకనా అంటే సిగ్గు ఉంది. కానీ రెండొందల పేజీలు కూడా ఉన్నాయి కదా, ఉగాదికని ఊరందరికీ చెప్పుకున్న మాట కూడా ఉంది కదా. తిడుతుందేమో, తిట్టించుకుందాం, కాళ్లు పట్టుకుందాం అనుకున్నాడు. గంగుబాయి తిట్టలేదు. తిన్నవా బిడ్డా అంది. జరిగి చోటిచ్చింది. టీ పోయించింది. అంతే, నోరు మూసుకుని బీడీలు చుట్టుకుంది. మిగతావాళ్లూ అంతే. ఆ అరుగు మీద చేతులు ఆడుతూ నోరు ఆడకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కత్తెరల చప్పుడు వింటూ, తెల్ల కాగితం తెరుచుకుని రెండు గంటలు కూర్చున్నాడు. చివరికి సిగ్గు విడిచి, ఈరవ్వ ఏమన్నది చిన్నవ్వా అని అడిగాడు. నాకు యాదికి లేదు బిడ్డా, ముసలిదాన్నైతి అంది. వెయ్యో బీడీ చుట్టి, కట్ట కట్టి, అరచేతులు దులుపుకుంది.

అతను లేచి వచ్చేశాడు. సందు మలుపు తిరిగాడో లేదో, వెనక నుంచి గంగుబాయి గొంతు వినిపించింది. ఆ గొంతు కథ ఎత్తుకుంటే ఎట్లా ఉంటుందో అతనికి తెలియదా? వెయ్యి అయిపోయాయి. చాట ఖాళీ, చేతులు ఖాళీ. అయినా కథ నడుస్తోంది. ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. అతని చెప్పుల చప్పుడుకు గొంతు ఆగిపోయింది. అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపటికీ మళ్లీ మొదలుకాలేదు. అతను ఇంటికి పోతే గానీ మొదలుకాదని తెలిసి, ఇంటికి పోయాడు.

రాధాబాయి పొద్దు గూకేముందు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. చాట గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని, పొయ్యి ముట్టించింది. లక్ష్మీరాజం ఆమె వెంటే వంటింట్లోకి పోయి గడప మీద కూర్చున్నాడు. చెప్తుందేమోనని చూశాడు. ఇక పట్టలేక అడిగేశాడు, పంచాయతీలో ఈరవ్వ ఏమన్నదో నీకు పుణ్యముంటుంది చెప్పమని.

రాధాబాయి గంజి వారుస్తూ అతని వైపు తిరగనైనా తిరగలేదు.

"కందకుర్తికి పోయి కూసో" అంది. "ఈరవ్వనే వచ్చి చెప్తది."