కుడికాలి మేజోడు

నేను ఒక మేజోడును. జత కాదు, ఒక్కదాన్నే. కుడికాలిదాన్ని. ఎడమది కూడా నాతోపాటే లూధియానాలో అదే మిషను మీద పుట్టింది కానీ, దాని కథలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ముతక ఉన్ని, బూడిద రంగు. మిషను నుంచి తీసినామె నన్ను ఒకసారి చెంపకు ఆనించి చూసుకుంది. ఆ తర్వాత ఎవరూ నన్ను ముఖం దగ్గరికి తీసుకోలేదు. కారణం మీకు తెలియంది కాదు.

మూటల్లో, లారీల్లో, చివరికి హెలికాప్టరులో తిరిగి ఒక మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరాను. అక్కడ గడ్డిపరక కూడా మొలవదు. అయినా ఆ కొండ మాదంటే మాదని రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. పోయి కాపురముండమంటే రెండువైపులా ఒక్కరూ ముందుకు రారు. అందుకే సిపాయిలను పంపుతారు.

నన్ను తొడుక్కున్నవాడు గవరయ్య, శ్రీకాకుళం వైపు మనిషి. పొద్దున లేచి మంచు తవ్వడం, దాన్ని కిరోసిన్ స్టవ్ మీద కరిగించి నీళ్లు చేసుకోవడం, కాపలా కాయడం, మళ్లీ మంచు తవ్వడం. మధ్యమధ్య ఎదుటి కొండ నుంచి గుండ్లు పడేవి. మొదట్లో గవరయ్య నేలకు అతుక్కుపోయేవాడు. కొన్నాళ్లకు, గ్లాసులో టీ ఒలకకుండా చూసుకోవడం నేర్చుకున్నాడు. దాన్ని ధైర్యమని మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనిషి మొద్దుబారిపోతున్నాడనే అనిపించింది.

సాయంత్రం అక్కడ ఒక తంతు జరిగేది. ఇద్దరిద్దరు జోడీలుగా కూర్చుని, ఒకరి కాళ్లు ఒకరు ఒళ్లో పెట్టుకుని, మేజోళ్లు విప్పి చూడాలి. చలికి చచ్చిన వేలు దాని యజమానికి తెలియదు. ఒకడు కళ్లు మూసుకుంటాడు, రెండోవాడు వేలు గిల్లి ఏదని అడుగుతాడు. గవరయ్య జోడీ మస్తాన్‌వలి, కంభం వైపువాడు. అతడి భార్యకు నెలలు నిండాయి. ముందటి రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. రెండుసార్లూ అతడు ఏదో ఒక కొండ మీదే ఉన్నాడు. ఈసారి సెలవు దొరికింది. తర్వాతి హెలికాప్టరులో ఒక కొత్త మనిషి వస్తాడు, మస్తాన్ దిగిపోతాడు. ఒకరు వస్తే ఒకరే దిగాలి. పోస్టులో మనుషులు తగ్గకూడదు.

సరిగ్గా అప్పుడే మంచుతుఫాను పట్టుకుంది. తడిసిన నన్ను మార్చుకోకుండానే గవరయ్య కాపలా కాశాడు. నా లోపల వేళ్లు ఒక్కొక్కటీ కదలడం మానేశాయి. నాకు భయం వేసింది. చాటుగా గిల్లి చూసుకుని గవరయ్యా తెలుసుకున్నాడు. చెబితే హెలికాప్టరులో ఆ చోటు తనకిస్తారనీ తెలుసు.

చెప్పలేదు. స్టవ్ మసి అందరి కాళ్లకూ ఒకే నలుపు పులమడంతో చూపుకు తేడా తెలియలేదు. మస్తాన్ అలవాటుగా బొటనవేలి దగ్గర మొదలుపెట్టి వరసగా గిల్లుకుంటూ పోయేవాడు. అతడు అడిగినప్పుడల్లా గవరయ్య కళ్లు మూసుకుని ఆ వరసే అప్పజెప్పేవాడు. నడుమ "అబ్బా, అంత గట్టిగా గిల్లకు అన్నా!" అని అరిచేవాడు కూడా.

వాతావరణం తేరుకుంది, రేపు హెలికాప్టరు వస్తుందన్నారు. ఆ సాయంత్రం మస్తాన్ ధ్యాసంతా ఇంటి మీదే ఉంది. నాలుగు వేళ్లయ్యాక, "ఇదేదిరా?" అన్నాడు కానీ, కొంకర్లు పోతున్న చెయ్యిని అప్పటికే చంకలో పెట్టుకున్నాడు.

"చిటికెనేలు," అన్నాడు గవరయ్య.

మస్తాన్ చంకలోని చెయ్యి బయటికి తీశాడు. "నేను ముట్టుకోలేదు గదరా," అన్నాడు.

గవరయ్య కళ్లు తెరవలేదు. "నువ్వెల్లిపో అన్నా. నువ్వెల్లాక సెప్తాను. ఇంకో ఎలికాప్టరు రాదేటి?"

"అది వచ్చేదాకా కాలుంటదా?"

"ఈసారైనా వదిన కాడ ఉండాల నువ్వు."

మస్తాన్ చొక్కా ఎత్తి ఆ పాదాన్ని తన పొట్టకు ఆనించుకున్నాడు. అతడి ముఖంలో ఏమీ కనబడలేదు. కోపమో దిగులో అతడికే తెలిసి ఉండదు. కాసేపటికి లేచి వెళ్లి అధికారికి చెప్పేశాడు.

మర్నాడు గవరయ్యను వీపున మోసుకొచ్చి హెలికాప్టరు ఎక్కించింది మస్తానే. "మా ఇంటికి ఫోన్ చెయ్యి. వాళ్లకు నీ నంబరియ్యి. ఏదైనా కబురొస్తే పైకి చెప్పించు," అన్నాడు.

ఆసుపత్రిలో నన్ను కత్తిరించి తీశారు. మూడు వేళ్లు తీసేశారు. నన్ను పారేయబోతే గవరయ్య వద్దన్నాడు. మంచం కింద సంచిలో పడి ఉన్నాను. పెడితే తినేవాడు, అడిగితే తలూపేవాడు. మిగతా పొద్దంతా గోడకేసి చూసేవాడు. అతణ్ణి చూస్తే నాకు జాలి వేసేది.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మస్తాన్ అత్తగారు. "అబ్బయా, ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగుండారు. అల్లుడికి చెప్పించు నాయనా!" ఆవిడ గొంతు వెనక పసిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. గవరయ్య ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. నా పైన మంచం కిర్రుకిర్రుమని ఊగుతోంది. అవతల ఆవిడ పిల్లను ఊరుకోబెట్టబోయింది.

"ఊరుకోబెట్టకండమ్మా," అన్నాడు గవరయ్య. "ఇంకాసేపు ఏడ్వనియ్యండి."