సున్నం మీద కుంకుమ

జాతీయ సెలవులన్నీ ఢిల్లీలో పుడతాయని మా బడి పిల్లల నమ్మకం. సోషల్ టీచర్ని కదా, ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నాకు సరదా. యుద్ధంలో పోయిన సైనికుల కోసం అమెరికాలో ఒక సెలవుంది. అది మా దగ్గర పుట్టిందంటే మా దగ్గర పుట్టిందని పాతిక ఊళ్ళు ఇప్పటికీ వాదులాడుకుంటాయి. చాలా కథల్లో మాత్రం ఆడవాళ్ళు పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. ప్రభుత్వం ఆ తర్వాతెప్పుడో వస్తుంది. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పాను గానీ, మొన్న నవంబరు రెండున రేపల్లెలో చూసేదాకా నాకే సరిగ్గా అర్థం కాలేదు.

ఆ రోజు మాకు సమాధుల పండుగ. మా వదిన హెప్సిబా కొడుకు అజయ్ బాబు సైన్యంలో చేరి సరిహద్దులో చనిపోయాడు. మా లూథరన్ శ్మశానంలోనే ఉన్నాడు. ఏటా వాడి సమాధికి సున్నం వేసి, పేరు మీద నల్లరంగు దిద్దుతుంది వదిన. ఆ కుంచె ఎవర్నీ ముట్టుకోనివ్వదు, మేనత్తనైన నన్ను కూడా. ముందురోజే సున్నం వేసింది. పొద్దున్నే రంగు డబ్బా, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాం.

వెళ్ళేసరికి తెల్లటి సున్నం మీద పసుపునీళ్ళు, కుంకుమబొట్టు, పక్కన కొబ్బరి చిప్పలు.

"నా బిడ్డ మీద ఎవరో చేతబడి చేశారు," అంది వదిన. చిప్పలు గోడ అవతలకి విసిరేసింది. కొంగుతో బొట్టు తుడిచింది. తుడిచేకొద్దీ అది ఎర్రగా పాకింది.

అంతలో పంపు దగ్గర్నుంచి చెంబుతో ఒకావిడ వచ్చింది. "కొబ్బరి చిప్పలేమయ్యాయండి?"

"ఇదంతా నీ పనేనా?" వదిన గొంతు లేచింది.

"నేనేనండి. నా పేరు గంగరత్నం. నిజాంపట్నం నుంచి వచ్చానండి. మా అబ్బాయి గంగాధరూ మీ అబ్బాయీ సైన్యంలో ఒకే బండిలో ఉండగా పోయారండి. మావాణ్ణి కాల్చి సముద్రంలో కలిపేశారు. మా ఆయన రోజూ ఆ నీళ్ళ మీదే వేటకెళ్తారు. ఒక బొట్టు పెట్టుకుందామంటే నాకు చోటెక్కడుందండి? ఇవాళ మీ శ్మశానం గేటు తీసుంటుందని మా ఊళ్ళోవాళ్ళు చెప్తే వచ్చాను. సమాధి ఎక్కడో గేటు దగ్గర అడిగి తెలుసుకున్నాను."

వదిన రంగు డబ్బా మూత తీసింది. కింద కూర్చుని అజయ్ పేరు దిద్దడం మొదలుపెట్టింది. నాకు భయం వేసింది. కోపమొస్తే దేవుణ్ణైనా నిలదీసే మనిషి, ఈవిణ్ణి పొమ్మంటుందేమో అనుకున్నాను.

పేరు పూర్తయింది, కుంచె ఆగలేదు. దాని కింద మెల్లగా గంగాధర్ అని రాసింది. నాకు ఏడుపొచ్చింది. సంఘపెద్దలకి ఏం చెప్పాలో ఆలోచించడం ఇక నా వంతు.

గంగరత్నానికి చదువు రాదు. "ఏం రాశారండి?" అంది.

"మీవాడి పేరు. రంగు ఆరాక బొట్టు దీని పక్కన పెట్టుకో అక్కా."

ఆవిడ ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసింది. "మళ్ళీ ఏడు ఎప్పుడు రమ్మంటారండి?"

"ఇదే పండక్కి. కాకపోతే ఒకరోజు ముందే రా," అని వదిన కుంచె కడిగి ఆవిడ చేతికిచ్చింది. "సున్నం నువ్వెయ్యి."