కొండ కింద వినపడని కబురు

మూడూ నలభైకి గేట్ల ఆఫీసు నుంచి కబురు వచ్చింది. పంపింది రేడియో మెకానిక్ భార్యే. డ్యామ్ గేట్ల మీట నొక్కే ఉద్యోగం ఆవిడది.

"నాలుగింటికి గేట్లు ఎత్తేస్తున్నాం. వరద ముంచుకొస్తోంది, ఆపడం కుదరదు. తమ్ముడు ఏట్లో లేడు కదా?"

ఉన్నాడు. కొండ అంచున రేకుల గదిలో కూర్చున్న మెకానిక్‌కి సరిగ్గా కాళ్ల కింద, మూడు వందల మీటర్ల లోతున, నీటిమట్టం కొలిచే స్తంభానికి పట్టిన పాచి గీకుతున్నాడు.

గేట్లు ఎత్తాక నీళ్లు ఇక్కడికి రావడానికి అరగంట. బావమరిది గట్టెక్కడానికి ఇరవై నిమిషాలు. అంటే నాలుగూ పదిలోపు వాడికి తెలియాలి.

ఫోన్లు పలకని చోటు. కొండ మీద ఒక రేడియో పెట్టె, ఆఫీసులో ఒకటి, బావమరిది జేబులో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది ఒకటి. ఒకరు టైపు చేసిన మాటని ఇంకొకరికి అందించే మెష్ అది. దాన్ని కట్టింది మెకానికే.

"పైకి రా. గేట్లు ఎత్తుతున్నారు," అని పంపాడు.

తెర మీద ఎర్ర గుర్తు. చేరలేదు.

మళ్లీ పంపాడు. మళ్లీ ఎర్ర గుర్తే.

అంచు దగ్గరికి పరుగెత్తి గొంతు చించుకుని అరిచాడు. ఏటి హోరు ఆ అరుపుని మింగేసింది. దిగి వెళ్దామంటే గంట దారి.

పొద్దున బావమరిది అన్న మాట గుర్తొచ్చింది. పోయిన ఆదివారం మెకానిక్ కొత్త యాంటెన్నా బిగించాడు, మనిషికన్నా పొడుగుది. వాడు దాన్ని కిందికీ పైకీ చూసి, "బావా, అక్క దీని మీద బట్టలారేస్తుందేమో చూసుకో," అన్నాడు.

"నవ్వరా నవ్వు. పాతదానికి పదింతల గెయిన్ ఇది."

"నీకు గొప్పలు చెప్పుకోవడంలో ఉన్నంత గెయిన్ దేనికీ లేదులే," అంటూ దిగిపోయాడు.

మూడూ యాభై రెండు. మెకానిక్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. పెట్టె వంద మిల్లీవాట్లలో నడుస్తోంది. ఎక్కువ పవర్ వాడుకోనిచ్చే హామ్ రేడియో లైసెన్సు ఉంది కాబట్టి ఒక వాట్ దాకా పెంచాడు. పదింతలు. పంపాడు.

ఎర్ర గుర్తు.

భార్య నుంచి మాత్రం వెంటనే కబురు. "ఏం చేశారండీ? మీ సిగ్నల్ ఇక్కడికి దూసుకొచ్చేస్తోంది. ఆదివారం నుంచే బాగుంది, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. వాడికి చెప్పారా?"

మెకానిక్ తలెత్తి యాంటెన్నా వైపు చూశాడు.

పన్నెండు కిలోమీటర్ల అవతలి గుట్ట మీద ఆఫీసుకి దూసుకొచ్చేస్తోంది. కాళ్ల కింద ఉన్నవాడికి చుక్క రావట్లేదు.

యాంటెన్నా శక్తిని పుట్టించదు. ఉన్నదాన్నే పంచుతుంది. పైకీ కిందికీ పోవాల్సిన వాటాని కోసేసి, చుట్టూ అప్పడంలా పలచగా, దూరంగా పరిచేస్తుంది. గెయిన్ అంటే అంతే. పాత పొట్టిది కిందికి కూడా కొంచెం రాల్చేది. తను మోజుపడి ఆ కొంచెం కూడా తీసేశాడు.

ఇక పవరంటారా, పెంచితే నోరు పెద్దదవుతుంది, చెవి పెద్దదవదు. బావమరిది జేబులోని చిన్న పెట్టె గుసగుస పైకి వినపడదు కాబట్టి, కబురు చేరినా చేరినట్టు తెలియదు.

యాంటెన్నాని ఏటివైపు వంచాలి. వంచితే ఆ అప్పడం అటు కిందికి దిగి, ఇటు వెనకవైపు ఆకాశంలోకి లేస్తుంది. ఆఫీసు వెనకవైపే ఉంది. భార్యకి మాట ఆగిపోతుంది.

"వాడికి చేరలేదు. యాంటెన్నా వంచుతున్నా. కాసేపు నేను వినపడను. భయపడకు."

"నాలుగు కొట్టగానే నేను నొక్కాలండీ," అని వచ్చింది జవాబు. ఇంకేమీ లేదు.

యాంటెన్నా పైపుకి ఉన్న పై బోల్టు తేలిగ్గానే ఊడింది. కింది బోల్టు మొరాయించింది. ఆదివారం గాలికి కదలకూడదని తనే బలం కొద్దీ బిగించాడు. స్పానర్ జారి వేళ్ల చర్మం లేచిపోయింది. నాలుగయింది. ఎక్కడో దూరాన ఆవిడ చెయ్యి మీట మీద ఉంటుంది.

ఊడని బోల్టుని వదిలేసి పైపుని రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. ఇనుము మూలిగింది. కొంచెం వంగింది. ఇంకొంచెం. మోకాలితో దాన్ని తొక్కి పట్టి, పక్కన పెట్టుకున్న పెట్టె మీద ఒంటి బొటనవేలితో టైపు చేశాడు.

నాలుగూ ఏడు. ఎర్ర గుర్తు.

పైపు మీద ఒళ్లంతా వేసి ఇంకా వంచాడు. పంపాడు.

పచ్చ గుర్తు!

ఆ వెంటే మాట: "ఏంటి బావా, పొద్దున్నుంచి మూగనోము పట్టావు? వస్తున్నా."

"రావడం కాదురా, పరుగెత్తు! సామాన్లు వదిలెయ్!"

పైపు మీంచి మోకాలు ఎత్తలేదు. నాలుగూ ఇరవై నాలుగుకి రాళ్ల మధ్య పసుపు చొక్కా కనిపించింది. నాలుగూ ముప్పైకి వాడు గట్టు మీద వెల్లకిలా పడి, అక్కణ్నించే బావకి కబుర్లు పంపడం మొదలెట్టాడు. రెండు నిమిషాలకి ఎర్రటి నీళ్లు ఏటి మలుపు తిరిగి స్తంభాన్ని మింగేశాయి.

అప్పుడు మెకానిక్ పైపు కింద భుజం పెట్టి పైకి లేపాడు. నిటారుగా రాలేదు, వచ్చినంత వచ్చింది. ఆఫీసు కబుర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఏవండీ."

"చేరిందా?"

"టైమయింది. నొక్కేశాను."

"నా చేత్తోనే నొక్కానండీ. ఏదో ఒకటి చెప్పండి."

చర్మం లేచిన వేళ్లతో టైపు చేశాడు. "గట్టు మీద ఉన్నాడు. దెబ్బలేం లేవు. సామాన్లన్నీ పోయాయని నన్ను తిడుతున్నాడు."

జవాబు వచ్చింది.

"తిట్టనివ్వండి. వాడేమంటున్నాడో మాట పోకుండా నాకు పంపండి."