కామరాజు కారు ముక్కు

సోమ, బుధ, శుక్రవారాల్లో పదిన్నరకు కామరాజు బీరంగూడలోని తన ఇంట్లోంచి తెల్ల కారు బయటికి తీస్తాడు. భార్య నాగరత్నాన్ని కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో దింపుతాడు. అక్కడ ఆమె పద్దెనిమిది మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టడం నేర్పుతుంది. ఆయన మాత్రం ఇంటికొచ్చి కారు తుడుస్తాడు. ముప్పైనాలుగేళ్లు సర్కారు ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి కదా, తనిఖీ చెయ్యడానికి ఇప్పుడు ఆ కారొక్కటే మిగిలింది.

నాలుగు నెలల కింద డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపురంగులో వెలిగింది. మెకానిక్ దగ్గరికి వెళ్తే కామరాజు పరువేం కాను? ఎక్కడో చదివి, కింద గొట్టానికున్న ఆక్సిజన్ సెన్సారే కారణమని తేల్చాడు. దాన్ని ఊడదీసి, గరుకు కాగితంతో తళతళా రుద్ది, పెట్రోల్లో కడిగి, బిగించే మర చుట్లకు సిలికాన్ పేస్టు దట్టంగా పూసి మళ్లీ బిగించాడు. ఫ్యాక్టరీలో ఏ గొట్టం కారినా అదే పేస్టు పూసేవాళ్లు. వారం తర్వాత దీపం మళ్లీ వెలిగింది. ఈసారి దాని మీద భార్య బొట్టుబిళ్ల ఒకటి అంటించాడు. దీపం కనబడలేదు కాబట్టి రిపేరు పూర్తయినట్టే.

ఆ రోజు నుంచి కారు మాట్లాడటం మొదలుపెట్టింది. లోపల కూర్చున్నవాళ్లు పైకి అనకుండా మింగిన మాటలన్నీ, మింగినవాళ్ల గొంతుతోనే, వెనక పొగగొట్టంలోంచి వచ్చేవి. వీధి మలుపులో కూరగాయలమ్మే బక్కమ్మ పదిన్నరకల్లా తూకం ఆపేసేది.

"ఇయ్యాల ఏమన్నదే కారు?" అని అడిగేవాళ్లు వచ్చినవాళ్లు.

"ఉప్మాల ఉప్పు లేదట. ఆయన గొంతే. పాపం, ఇంట్ల చెప్పనీకె ధైర్యం లేదు."

లోపలున్న ఇద్దరికీ ఇదేమీ తెలియదు. అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకున్నవాళ్లకు వెనక మాటలు ఏం వినిపిస్తాయి? తమ కారు వెళ్తుంటే జనం ఎందుకు ఆగి నిలబడతారో నాగరత్నానికి అంతుపట్టేది కాదు. తను తుడిచిన తుడుపుకే అనుకునేవాడు కామరాజు. వాళ్లకు చెప్పడం బక్కమ్మకు ఒక్క నిమిషం పని. కానీ పరుల సంసారంలో తలదూర్చే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. చెవి పెట్టే అలవాటు మాత్రమే ఉంది.

మూడు వారాల కింద భోజనాల దగ్గర కామరాజు అన్నాడు: "తణుకులో అన్నయ్య మేడ మీద వాటా ఖాళీ చేయించాడు. వచ్చే నెల వెళ్లిపోదాం." నాగరత్నం చేతిలో ముద్ద ఒక క్షణం ఆగింది. "సరేనండి" అంది. మర్నాటి నుంచి కారు వెనక పొగ నల్లబడింది.

సామాన్లకు లారీ మాట్లాడాల్సిన శుక్రవారం రానే వచ్చింది. అంతకు ముందురోజు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాడు కారు వాసన చూసి, కుళ్లిన గుడ్లు ఎక్కడ పెట్టారని అడిగాడు. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి తొమ్మిదికి దిగింది. ఇలా అయితే తణుకు దాకా నడవదని, నాగరత్నం క్లాసుకు ఆలస్యమవుతుందని కబురు పెట్టాక, ఇద్దరూ పటాన్‌చెరు లారీ ఆఫీసుకు వెళ్తూ, దారిలో మెకానిక్ దశరథ్ షెడ్డు దగ్గర ఆగక తప్పలేదు.

దశరథ్ బొట్టుబిళ్ల పీకి చూసి, కారు కింద దూరి, బయటికొచ్చాడు.

"గీ పేస్టు ఎవలు పూసిన్రు సార్?"

"ఎవడో మెకానిక్" అన్నాడు కామరాజు, ఆకాశం చూస్తూ.

"ఆనికి దండం పెట్టాలె. సార్, గీ సెన్సారు ఇంజన్‌కు ముక్కు లెక్క. పొగల ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్‌కు చెప్తది. దాన్ని బట్టి పెట్రోలు పోస్తది ఇంజన్. గీ పేస్టు ముక్కును ఖరాబ్ చేసింది. గరుకు కాగితంతోని రుద్దుడు ఇంకో పాపం. ఇగ పెట్రోలు ఎక్కువైతది, కాలాల్సింది కాలక అట్లనే బయటికొస్తది. జెర యాక్సిలేటర్ తొక్కుండ్రి. అమ్మా, మీరు ఇటు రాండ్రి, పొగ రంగు చూద్దాం."

నాలుగు నెలల్లో మొదటిసారి నాగరత్నం నడుస్తున్న కారు వెనక నిలబడింది. కామరాజు తొక్కాడు. బుస్సుమని నల్లటి పొగ వచ్చింది. అందులోంచి ఆమెకు తన గొంతే వినిపించింది: "నేను రాను. నా కుట్టు పిల్లలకింకా జాకెట్టుకు చేతులు ఎక్కించడం రాలేదు. నేను రాను." నాగరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంటనే కామరాజు గొంతు: "నాకూ వెళ్లాలని లేదు రత్నం. అన్నయ్యకి మాటిచ్చేశాను. పుట్టిల్లు దగ్గరవుతుందని నువ్వు సంతోషపడుతున్నావు."

"పెట్రోలు బాగా ఎక్కువైతున్నది" అన్నాడు దశరథ్ చేతులు తుడుచుకుంటూ. "పోయిన్నెల ఒకాయన కారు మేనేజర్‌ను గంటసేపు తిట్టింది. ఆ మేనేజర్ గీడనే నిలబడ్డడు."

"ఏమంటోంది?" అప్పుడు అద్దం దించి అరిచాడు కామరాజు.

"పొగ వస్తోందండీ" అంది నాగరత్నం. తర్వాత గొంతు తగ్గించి, "ఇది మారిస్తే ఆ మాటలు ఏమవుతాయి బాబూ?"

"లోపల్నే కాలిపోతయ్ అమ్మా. ఎవ్వలికి ఇనరావు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఇంజను కొంచెం వేడి మీద ఉండగానే దశరథ్ మరకు తుప్పు వదిలించే నూనె కొట్టి, వైరు దూరేందుకు చీలిక ఉన్న పానాతో పాత సెన్సారు విప్పాడు. కొత్తదాని మొనను వేలితో తాకనివ్వలేదు. మరకు మాత్రం రవ్వంత గ్రీజు రాసి బిగించి, వైరు వేడి గొట్టానికి తగలకుండా కట్టాడు.

"ప్రతి సర్వీసుకు చూపియ్యుండ్రి. లక్ష కిలోమీటర్లు దాటితే మార్చుకోండ్రి. రుద్దొద్దు, కడగొద్దు" అన్నాడు, కామరాజు వైపు చూడకుండా.

కారు కదిలింది. వెనక పొగ లేదు, మాట లేదు. లారీ ఆఫీసు ఇంకా కిలోమీటరు ఉంది. నాగరత్నం నోటిదాకా వచ్చిన మాటను ఒకసారి మింగింది. ఆ మాట లోపలే కాలిపోయినట్టు గొంతులో మండింది.

"ఏమండీ, ఇందాక వెనక నిలబడి విన్నాను. మీకు తణుకు వెళ్లాలని లేదట. నాకూ లేదు."

కామరాజు రెండు లారీలను దాటనిచ్చాడు.

"పొగగొట్టంలోంచా?"

"ఆ."

"మరి నువ్వు సరే అన్నావుగా?"

"మీరు అడగలేదుగా. చెప్పారు."

లారీ ఆఫీసు బోర్డు దాటాక ఆయన కారు పక్కకు ఆపి, ఫోన్ తీసి, అన్నయ్య నంబరు నొక్కాడు. అవతల అన్నయ్య పెయింటు రంగుల గురించి, పెరటి కొబ్బరిచెట్టు గురించి చెప్తూనే ఉన్నాడు. కామరాజు రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లు మూశాడు. ఇంజను నడుస్తూనే ఉంది. వెనక నుంచి ఏ గొంతూ రాలేదు.

"అన్నయ్యా, ఆ వాటా ఎవరికైనా అద్దెకిచ్చెయ్. మేం రావట్లేదు."

అవతల నుంచి "సరే" అని వినిపించింది. ఆ సరేకు అర్థమేమిటో తణుకు వాళ్లే చూసుకోవాలి.

కామరాజు ఫోన్ జేబులో పెట్టుకుని చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఇంటికేనా?"

నాగరత్నం గడియారం చూసింది. పన్నెండున్నర. "కొల్లూరు పోనివ్వండి" అంది. "పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఇవాళ చేతులు ఎక్కించడం చెప్పాలి."