మాస్టారూ అన్న పిలుపు

హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చి నర్సీపట్నంలో చేరిన నాటి నుంచీ భానుమూర్తి గారి చెవులకి ఏదో అయింది. 'హెచ్చెమ్ గారూ' అంటే వినపడేది, 'మాస్టారూ' అంటే వినపడేది కాదు. నవ్వకండి, పాఠకులారా! కుర్చీ మారగానే మనలో చాలామందికి ఇలాంటి చెవుడే వస్తుంది.

ఆ సోమవారం పదకొండింటికి ఆయన తన గది గుమ్మం మీద కొత్త నేమ్‌బోర్డు బిగింపిస్తున్నారు. నాతవరం వైపు నుంచి షేర్ ఆటోలో దిగిన అప్పలలక్ష్మి ఒక దరఖాస్తు పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఈ బళ్లోనే పది పాసైన కూతురికి కాలేజీ హాస్టల్లో సీటు కావాలి. దానికి ఆయన పచ్చసిరా సంతకం కావాలి. గడువు ఆ రోజుతో సరి.

"మాస్టారూ! బేగి ఓ సంతకం ఎట్టండి. ఒంటిగంటకి ఆఫీసు మూసెత్తారట."

ఆయన మొహం మాడిపోయింది. బోర్డు బిగించేవాడి ముందు, అటెండరు జోగులు ముందు, మాస్టారట!

"మర్యాద తెలియని వాళ్లని బయట కూర్చోబెట్టు జోగులూ. పనయ్యాక చూద్దాం."

బోర్డు వంకరగా ఉందని రెండుసార్లు విప్పించారు. తన డిగ్రీలన్నీ కనపడుతున్నాయో లేదోనని వరండా చివరిదాకా వెళ్లి చూసుకున్నారు. గోడవారన కూర్చున్న మనిషి మాత్రం ఆయనకి కనపడలేదు. సంతకం పడేసరికి ఒంటిగంట దాటింది.

మర్నాడు అప్పలలక్ష్మి మళ్లీ వచ్చింది. "కాయితం తీసుకోనేదండి. మీరో మాట సెప్పి సూడండి. నేకపోతే పిల్లని జీడిపిక్కల పనికి తోలెయ్యాలి."

"నిన్న సరిగ్గా పిలిచుంటే..." అని ఆయన నసిగారు.

"నానేటి తప్పు పిలిసేనండి?" ఆమె బిత్తరపోయింది. "మా ఊరి బళ్లో నా సెయ్యట్టుకుని అచ్చరాలు దిద్దించింది మీరే కదండి. మాకు మాస్టారికన్న పెద్ద మాట ఇంకేటుందండి?"

భానుమూర్తి గారు దరఖాస్తు చూశారు. తల్లి సంతకం దగ్గర గుండ్రటి అక్షరాలు. ముప్పై ఏళ్ల కిందట, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, తను పలకల మీద దిద్దించిన అక్షరాలే అవి. ఆయనకి సిగ్గేసింది.

వెంటనే కాలేజీకి ఫోన్ చేశారు. బతిమాలారు. జాబితా వెళ్లిపోయిందన్నారు అవతలివాళ్లు.

అప్పలలక్ష్మి దరఖాస్తు మడిచి చేతిలో పట్టుకుంది. "వత్తానండి, మాస్టారూ" అని దండం పెట్టి వెళ్లిపోయింది. ఈసారి ఆ పిలుపు ఆయనకి స్పష్టంగా వినపడింది.

"జోగులూ, ఆ బోర్డు విప్పేయ్" అన్నారు. విప్పితే మాత్రం ఆ పిల్ల సీటు తిరిగొస్తుందా?

మన గొప్ప ఎదుటివాళ్లకి గుర్తుచేసే తొందరలో, వాళ్లు ఏ అవసరంతో మన గుమ్మం ఎక్కారో మరిచిపోవడమే అహంకారం.